చెంగమ్మ చెయ్యని తప్పు

నేను డాక్టరుగా బతికాను. నా చేతుల్లో కొందరు బాగయ్యారు, కొందరు పోయారు. పోయినవాళ్ల గురించి కాదు నా బాధ. నేను ఇంకా డాక్టరును కాకముందే, మందు ఇవ్వకుండా, కత్తి పట్టకుండా ఒక ఆడమనిషి బతుకును పాడుచేశాను. ఆ సంగతి ఇన్నేళ్లూ లోపలే పెట్టుకుని తిరిగాను. భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా పూర్తిగా చెప్పలేదు. మొదలుపెట్టి, మధ్యలో ఆపి, దండం పెట్టి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

జాలి కోసం రాయడం లేదు. నన్ను నేను బాగా ఎరుగుదును. జాలి దొరికిందంటే దాన్ని పట్టుకుని ఇంకో పదేళ్లు హాయిగా బతికేస్తాను. దయచేసి ఇవ్వకండి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మద్రాసులో మెడికల్ స్కూల్లో మొదటి ఏడాది చదివి, ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. మా ఊరు పాకాల దగ్గర. ఆ ఏడాదంతా నేను చదివింది పుస్తకాల దగ్గర కాదు, శవాల దగ్గర. నలుగురికి ఒక బల్ల. నాకు వచ్చింది కుడిచెయ్యి. అందులో చంక దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది.

చంక అంటే అప్పటిదాకా నాకు చెమట పట్టే గుంట, చిన్నపిల్లలకు గిలిగింత పెట్టే చోటు. తోలు తీసి, కొవ్వు ఓపిగ్గా ఏరేస్తే అది ఒక గది. నాలుగు గోడల ఇరుకు గది. ముందు గోడ రొమ్ము కండలు. వెనక గోడ రెక్క ఎముక మీద పరుచుకున్న కండలు. లోపల పక్కటెముకలు. బయటి పక్క చేతి ఎముక. పైన మెడవైపు ఒక సన్నటి దారి. చేతికి కావలసినదంతా ఆ దారినే దిగాలి. నెత్తురు తెచ్చే పెద్ద ధమని, దాన్ని తిరిగి పట్టుకుపోయే సిర, మెడలోనుంచి వచ్చే నరాలు. ఆ నరాలు ఐదు వేర్లుగా బయలుదేరి, కలిసి, చీలి, మళ్లీ కలిసి, జడలాగా మూడు పాయలై ధమనిని చుట్టుకుంటాయి. వెనక పాయలోనుంచి ఒక లావాటి నరం ధమని వెనకగా జారి, చేతి ఎముకను చుట్టుకుని కిందికి పోతుంది. మోచేతిని చాచేదీ, మణికట్టును పైకెత్తేదీ, వేళ్లను తెరిచేదీ అదే. దాన్ని ఎముకకు వేసి నొక్కితే తప్పించుకోవడానికి ఆ గదిలో చోటు లేదు. నోటి పరీక్షలో ఇదంతా నేను గడగడా అప్పజెప్పాను. పరీక్షించినాయన తల ఊపితే బయటికి వచ్చి చంకలు గుద్దుకున్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరువాత జరిగినదానికి నాకు తెలియదనే సాకు లేదు. నాకు తెలుసు. మా ఊళ్లో ఆ రోజు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంట్లో మాత్రం నా చదువు గురించి తెలిసింది తక్కువ. మందులు, సూదులు, సీసాలు. అంతవరకే. పీనుగులు కోయిస్తారని నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. మా నాయన ధర్మరాజుల గుడి మనిషి. మా వైపు ఎండాకాలం వస్తే ఆ గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రిళ్లు నాటకం ఆడతారు, చివర నిప్పులగుండం తొక్కుతారు. వేషగాళ్ల పెట్టె మా నాయన చేతిలో ఉండేది. కిరీటాలు, అద్దాలు పొదిగిన చెక్క భుజకీర్తులు, రొమ్ముపలకలు, గజ్జెలు. అర్జునుడి వేషగాడికి అవి కట్టే హక్కు మా తాత తరువాత ఆయనది. ఊళ్లో ఎవరి పాడెకైనా భుజం పట్టాడంటే కర్మ అయ్యేదాకా ఆ పెట్టె ఉన్న గదివైపు కూడా పోయేవాడు కాదు. అలాంటి మనిషితో, నాయనా, నేను ఏడాదిగా రోజూ శవం మీద చేతులు పెడుతున్నాను అని ఎలా చెప్పను? వచ్చిన రోజు బావి దగ్గర సీకాయతో చేతులు తోముకుంటుంటే మా అమ్మ నవ్వింది, మద్రాసుకు పోయి ఎంత శుభ్రం నేర్చుకున్నాడో అని.

ఆ ఏడు అర్జునుడి వేషం వేసింది మునిరత్నం అన్న. వరసకు అన్న. బెల్లం వండేవాడు. చుట్టుపక్కల ఏ గానుగ ఆడినా పాకం పదును చెప్పడానికి ఆయన్నే పిలుచుకుపోయేవారు. నల్లగా, పొడుగ్గా, గొంతు ఎత్తితే ఊరి చివరికి వినిపించేలా ఉండేవాడు. ఆయన భార్య చెంగమ్మ వదిన. పెద్దగా మాట్లాడేది కాదు. నవ్వితే పంటి మీద పన్ను కనిపించేది. వాళ్లకు పిల్లలు లేరు.

కంకణం కట్టుకున్న రోజు నుంచి వేషగాడికి నిష్ఠ ఉంటుంది. కల్లు ముట్టకూడదు. నీచు తినకూడదు. ఆలుమగలు వేరుగా పడుకోవాలి. నెలసరిలో బయట చేరిన ఆడది వండిన మెతుకు ఆయన నోట పడకూడదు. ఇందులో ఏది తప్పినా గుళ్లోని అమ్మ ఊరుకోదని మా ఊరి నమ్మకం.

మా నాయనకు అప్పటికే కళ్లలో పొరలు వచ్చాయి. అంతకుముందు ఏడు అర్జునుడు తపస్సు కోసం మాను ఎక్కుతుండగా ఒక భుజకీర్తి జారి రొమ్ము మీద వేలాడింది. జనం నవ్వారు. మా నాయన ఆ ఏడాదంతా ఆ నవ్వును మోసుకుని తిరిగాడు. అందుకే ఈసారి, "నువ్వు కట్టప్పా, నీకు కండ్లు బాగుండాయి" అన్నాడు. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. తలంటుకుని, నేనూ కంకణం కట్టించుకున్నాను. శవాలు కోసిన చేతికి పసుపు కంకణం. పూజారి కడుతుంటే కళ్లు మూసుకున్నాను. భక్తి అనుకున్నాడు.

భుజకీర్తులు బరువైన చెక్క. రెండు భుజాల మీద పెట్టి, చంకల కిందినుంచి తిప్పి, వీపు మీద బిగించి కట్టాలి. మామూలుగా వెడల్పాటి నవారుతో కడతారు. పాత నవారు పీలికలైపోయింది. యుద్ధంలో నూలు కరువు, కొత్తది దొరకలేదు. నేను పాకాల సంతలో సన్నటి జనపతాడు కొన్నాను. గట్టిది. ఈసారి జారకూడదు. నా మనసంతా అదే. మునిరత్నం అన్న చేతులు పైకెత్తి నిలబడ్డాడు. నేను తాడు తిప్పి, మోకాలు ఆయన నడుముకు ఆనించి లాగాను. మళ్లీ లాగాను. ముడి మీద పసుపుగుడ్డ చుట్టి కుంకుమ పెట్టారు. ఆ కుంకుమ పడితే, అర్జునుడు మాను దిగి పాశుపతం అందుకునేదాకా ముడి విప్పకూడదు. అది ఆచారం.

మామూలు రోజుల్లో అయితే వేషం మధ్యాహ్నం కట్టి పొద్దుగూకే లోపల విప్పేస్తారు. ఆ ఏడు కిరసనాయిలు దొరక్క రాత్రి నాటకాలు మానేశారు. రాత్రి ఆడవలసిందంతా పగలే ఆడారు. అంచేత అర్జునుడి వేషం పొద్దున్నే కట్టాం. ఎండ ఎక్కేకొద్దీ చెమటకు జనపతాడు తడిసి ఇంకా బిగుసుకుంది.

మధ్యాహ్నం దాటాక, మాను దగ్గరికి ఊరేగింపు కదలబోతుండగా, మునిరత్నం అన్న నన్ను పక్కకు పిలిచాడు. "అబ్బోడా, కుడిసెయ్యి తిమ్మిరెక్కతాండాది. కొంచెం వదులు సెయ్యప్పా" అన్నాడు.

అప్పుడు నేనేం చేశానో చూడండి. ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూశాను. డాక్టరులాగా, కళ్లు సగం మూసుకుని. నాడి చక్కగా కొట్టుకుంటోంది. ధమని తెరుచుకునే ఉంది, నెత్తురు పారుతోంది. "ఏం కాదన్నా, నాడి బాగుంది" అన్నాను. ధమని బాగుంటే పక్కనున్న నరం కూడా బాగున్నట్టేనా? గదిలో ఒకడు ఊపిరి పీలుస్తున్నాడని రెండోవాడి సంగతి చూడకుండా తలుపు మూస్తామా? ఆ రెండోవాడి పేరు, దారి, పని నేను పరీక్షలో చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. అయినా విప్పలేదు. మిడిమిడి జ్ఞానం అని సరిపెట్టుకోవచ్చు. కానీ అది పూర్తి నిజం కాదు. ముడి విప్పితే వేషమంతా ఊడుతుంది, ఊరేగింపు ఆగుతుంది, పెద్దలు అడుగుతారు, మా నాయన తల దించుకోవాలి. పైగా నా ముడి తప్పని నేనే ఒప్పుకోవాలి. ఒక మనిషి చేతికీ నా పరువుకీ మధ్య ఎంచుకోవలసి వచ్చింది. ఎంచుకున్నాను.

తపస్సు మాను మీరు చూసి ఉండకపోవచ్చు. నిటారుగా పాతిన పొడవాటి మాను. ఎక్కడానికి చీలలు, కొసన చిన్న మంచె. అర్జునుడు ఒక్కో పద్యం పాడుతూ ఒక్కో మెట్టు ఎక్కుతాడు. కింద, పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో నేల మీద సాగిలపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయో పండో ఒళ్లో పడితే కడుపు పండుతుందని ఆశ. ఆ ఏడు వాళ్లలో చెంగమ్మ వదిన కూడా ఉంది.

మునిరత్నం అన్న ఎక్కుతుంటే మోచేతిని మానుకు మెలేసి ఎక్కాడు. కొత్తగా ఉందని జనం మెచ్చుకున్నారు. ఆ చేత్తో గట్టిగా పట్టలేకపోతున్నాడని నాకు తెలిసింది. పైకి చేరాడు. పద్యం పాడాడు. జోలెలోనుంచి నిమ్మకాయ తియ్యబోతే కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ వాలింది. కిందనుంచి అందరం చూస్తున్నాం. చివరికి ఎడమచేత్తో తీసి విసిరాడు.

అమ్మవారి ప్రసాదం ఎడమచేత్తో! తడిబట్టల ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు. అర్జునుడు సవ్యసాచి కదా, ఎడమచెయ్యి అయితే ఏమని కథ చెప్పే అయ్యవారు సర్దబోయాడు. ఎవరూ వినలేదు. దింపి, ముడి కోసి చూస్తే చంకల కింద ఎర్రటి చారలు. చారలను ఎవరూ పట్టించుకోలేదు, ప్రతి ఏడూ కొంచెం ఒరుసుకుంటుంది. అందరూ చేతినే చూశారు. వాలిన చెయ్యి. వేళ్లు మడవగలడు, తెరవలేడు. బొటనవేలు వెనక చర్మం గిల్లితే తెలియడం లేదు. ఆ నరం గురించి నేను అప్పజెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఆయన చేతి మీద కనిపిస్తోంది.

మరుసటి రోజు గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. నిష్ఠ ఎక్కడో తప్పింది, అందుకే అమ్మ చెయ్యి తీసుకుందన్నారు. తప్పినవాళ్లు ఎవరో గుండం తొక్కే లోపల ఒప్పుకోవాలి. లేకపోతే మునిరత్నానికి వేషమూ లేదు, ఆ ఇంటికి గుడీ లేదు. అమ్మ చెయ్యి తిరిగి ఇవ్వదు కూడా. ఆయన కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. కల్లు తాగావా అని అడిగారు. ఇంటి పక్కవాళ్లను అడిగారు. వాసన చూశారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికారు. నేను అక్కడే, మా నాయన పక్కనే నిలబడి ఉన్నాను.

ఎందుకు నోరు విప్పలేదు? తాడు బిగిసింది, నరం నలిగింది, ఇది నా తప్పు అంటే చాలు. కానీ నరం సంగతి నీకెలా తెలుసు అంటారు. చూశాను అనాలి. ఎక్కడ చూశావు అంటారు. ఆ తరువాత వాళ్లకు తాడు అక్కర్లేదు. శవాలు కోసిన చెయ్యి అర్జునుడి వేషం కట్టిందని ఊరంతా లేస్తుంది. మా నాయన చేతిలోనుంచి పెట్టె పోతుంది. ఆయన ఆ తరువాత బతుకుతాడా? నాకు మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టే దారి ఉంటుందా? ఎటు తిరిగినా గోడే. ఒకటి మాత్రం అప్పుడే తట్టింది నాకు. వాళ్ల లెక్కలో చూసినా మైలపడ్డది నా చెయ్యే. నా లెక్కలో చూసినా నరం నలిపింది నా చెయ్యే. రెండు శాస్త్రాలలోనూ దోషిని నేనొక్కణ్ణే. అంత స్పష్టంగా తెలిసీ నిలబడి ఊరుకున్నాను.

చెంగమ్మ వదిన మా ఇంటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, మా నాయన గుళ్లో ఉన్నాడు. నేను పెట్టెగదిలో, రాలిపోయిన అద్దంముక్కలు భుజకీర్తులకు మైనంతో అంటిస్తున్నాను. లోపలికి రాలేదు. గడప బయట నిలబడింది.

"అబ్బోడా, నిన్నొక మాట అడగల్ల."

"చెప్పు వదినా."

"నువ్వు డాక్టరు సదువుతాండావు. ఇట్లా సెయ్యి పడిపోయేదానికి మీ పుస్తకాల్లో కారణం యాడన్నా ఉండాదా?"

కోసేసిన జనపతాడు ముక్క నా కాళ్ల దగ్గరే పడి ఉంది. నేను దాన్ని చూడలేదు. చూస్తే ఆమె కూడా చూస్తుందని.

"లేదు వదినా" అన్నాను.

"బాగా తలుసుకోని సెప్పు. దెబ్బ తగల్లా, పురుగు ముట్టలా. ఊరికే పడిపోతాదా?"

"పుస్తకాల్లో అయితే లేదు."

"అయితే అమ్మేనంటావా?"

నేను తల ఊపాను. నోటితో కూడా అన్నాను. "అట్లే ఉన్నట్టుండాది."

ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తరువాత, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు అంది. "మీ అన్న తప్పు సెయ్యలా. నాకు తెలుసు, ఆ మనిషి సల్ల కూడా అడిగి తాగినాడు ఇన్ని దినాలూ. అట్లని ఊరికే పోదు గదా. ఎవురిదో ఒకరిది కావల్ల."

"ఏం చేస్తావు వదినా?"

"ఏముండాది సేసేదానికి. ఆయన సెయ్యి ఆయనకు రావల్ల. పొయ్యొస్తా అబ్బోడా, సదువు బాగా సదువుకో."

ఆ సాయంత్రం ఆమె గుడి ముందుకు పోయి ఒప్పుకుంది. బయట చేరిన సంగతి దాచి, మొగుడికి వండి పెట్టానని. ఎందుకు దాచావని అడిగితే, మాను కింద పడుకోవడానికి పోనివ్వరని దాచానంది. బిడ్డ కావాలనే ఆశతో చేశానంది. ఎంత బాగా అతికిందో! అబద్ధం ఎరగని మనిషి ఒక్కసారి ఆడితే ఎంత నిండుగా ఆడుతుందో అప్పుడు చూశాను. ఎవరికీ అనుమానం రాలేదు. మొగుడికీ రాలేదు. ఆయన ఆమెను కొట్టలేదు. లేచి వెళ్లిపోయాడు.

ఆమె తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టింది. పెద్దలు చెప్పినట్టు తిరుపతికి నడిచి, కొండ మెట్లెక్కి తలనీలాలు ఇచ్చి వచ్చింది. మొగుడి చేతి కోసం మొక్కు. నేను సెలవులు ఇంకా ఉండగానే, చదువుకోవాలని చెప్పి మద్రాసు రైలెక్కేశాను.

మీకొక అనుమానం రావచ్చు. నిజంగానే ఆమె బయట చేరిన సంగతి దాచిందేమో? నేనూ అనుకున్నాను, అలా అయితే ఎంత బాగుండునని. సిగ్గు లేకుండా చాలాసార్లు అలా కోరుకున్నాను. కానీ దాచినా దాచకపోయినా ఆ చేతికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నరానికి ఆ సంగతి తెలియదు.

రెండో ఏడాది ఆసుపత్రి వార్డుల్లోకి పంపారు. ఒకరోజు మా పెద్ద డాక్టరు ఒక కుంటివాణ్ణి నిలబెట్టి చూపించాడు. చంకకర్రలు పొడవు ఎక్కువై, చంకలో ఒత్తిడికి కుడిచెయ్యి వాలిపోయింది. అదే చెయ్యి. అదే వాలు. ఆయన కర్రలు కురచ చేయించి, చేతికి చిన్న చెక్క కట్టించి, "దీనికి మందేమీ లేదు. నొక్కుడు పోతే నరం తనంతట తానే కోలుకుంటుంది. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి" అన్నాడు. చుట్టూ అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. మునిరత్నం అన్న చెయ్యి తిరిగి వస్తుంది! సంతోషించాలి కదా? ఆ తరువాతి ఆలోచన వెంటనే వచ్చింది. చెయ్యి తిరిగి వస్తే, చెంగమ్మ ఒప్పుకున్నందువల్లే వచ్చిందని ఊరంటుంది. రాకపోయి ఉంటే ఏదో ఒకనాడు ఎవరైనా అనుమానపడేవారు. వస్తే ఇంక అనుమానానికి చోటు లేదు. ఒక్కో వేలు లేచేకొద్దీ ఆమె మీద ఒక్కో మేకు దిగుతుంది. నలిగిన నరం రోజుకు కాస్త కాస్తగా కోలుకుంటూ ఆమె నేరాన్ని రుజువు చేస్తోంది, అక్కడ, మా ఊళ్లో, నేను ఇక్కడ మెస్సులో అన్నం తింటుండగా. ఇంటికి ఒక కార్డు ముక్క రాస్తే చాలు. రాయలేదు.

క్రిస్మసు సెలవులకు పోయేసరికి గానుగలు ఆడుతున్నాయి. పెనం దగ్గర మునిరత్నం అన్న గరిటె తిప్పుతున్నాడు. కుడిచేత్తో. నన్ను చూసి గరిటె పక్కనవాడికిచ్చి చెయ్యి చాపాడు. "సూడు అబ్బోడా, తల్లి ఇచ్చేసింది" అన్నాడు. మణికట్టు లేపాడు. వేళ్లు తెరిచాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని బొటనవేలు లేపించి చూశాను. పూర్తిగా వచ్చేసింది. ఆయన కళ్లలో నీళ్లు. నా కళ్లలో కూడా. అందరూ అమ్మకు దండం పెట్టారు, నేనూ పెట్టాను.

చెంగమ్మ వదిన అల్లంత దూరంలో చెరుకు పిప్పి ఎండేస్తోంది. తల మీద కురచ వెంట్రుకలు, కొంగు సరిగా నిలవడం లేదు. పెనం దగ్గరికి ఆమెను రానివ్వరు, పాకం విరుగుతుందంటారు. మునిరత్నం అన్న తన అన్నం తానే వండుకుంటున్నాడని మా అమ్మ చెప్పింది. ఇల్లు వదలమనలేదు, దయగల మనిషి అని మెచ్చుకుంది కూడా. ఆయనను తిట్టుకోవడానికి కూడా నాకు అర్హత లేదు. వదిన నన్ను చూసి, పంటి మీద పన్ను కనిపించేలా నవ్వింది. ఆ చెయ్యి వచ్చినందుకు. నిజంగా సంతోషంగా ఉంది ఆమె. అది నేను ఇప్పటికీ తట్టుకోలేను.

తరువాతి ఏడు నుంచి మునిరత్నం అన్నే మళ్లీ అర్జునుడు. ఎండాకాలం సెలవులకు నేను ఏదో ఒక వంక పెట్టి మద్రాసులోనే ఉండిపోయేవాణ్ణి. మా నాయన నవారు దొరకబుచ్చుకుని మా చిన్నాయన కొడుకు చేత కట్టించేవాడు. ఆయన పోయేదాకా పెట్టె ఆయన దగ్గరే ఉంది. నేను కాపాడుకున్నది అది.

చదువు ముగించుకుని చిత్తూరులో ఒక ఆసుపత్రిలో చేరాను. దేశానికి స్వరాజ్యం వచ్చి కొంతకాలమైంది. ఒకరోజు చెంగమ్మ వదిన వచ్చింది, ఒంటరిగా, పాకాల నుంచి రైల్లో. రొమ్ములో గడ్డ. సిగ్గుపడి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. నర్సును పక్కన నిలబెట్టుకుని పరీక్ష చేశాను. చంక కూడా చూడాలి. రొమ్ములో పుట్టిన ఆ జబ్బు ముందు చంకలోని గ్రంథులకే పాకుతుంది. ఆమె చెయ్యి నా భుజం మీద పెట్టించుకుని, వేళ్లు లోపలికి పోనిచ్చి వెతికాను. గట్టిగా, రాళ్లలాగా, ఒకదానికొకటి అంటుకుపోయిన గ్రంథులు. కదలడం లేదు. ఆలస్యమైపోయింది. నా వేళ్లు ఇంకా అక్కడుండగానే ఆమె చాలా మెల్లిగా అడిగింది.

"ఇది ఆ తప్పుకేనా అబ్బోడా?"

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. గుడి ముందు మొగుడి కోసం ఆడిన అబద్ధాన్ని ఇన్నేళ్లలో ఆమె తానే నమ్మేసింది. చెయ్యి తిరిగి వచ్చింది కదా. రుజువు కళ్ల ముందు తిరుగుతోంది కదా. ఆ నెల దినాలు సరిగా గుర్తుపెట్టుకోలేదేమో, నిజంగానే తప్పు జరిగిందేమో అని తనను తాను అడిగి అడిగి, చివరికి అవునని ఒప్పుకుంది.

"కాదు వదినా" అన్నాను. "ఇది జబ్బు. ఎవరికైనా వస్తుంది."

"నువ్వట్లే అంటావులే" అని ఆమె నా భుజం తట్టింది. నన్ను ఓదార్చింది.

అప్పుడు చెప్పవలసింది. నర్సు బయటికి వెళ్లింది. తలుపు మూసి ఉంది. ఎదురుగా ఆమె ఒక్కతే. ఊరు లేదు, పెద్దలు లేరు, మా నాయన కూడా అప్పటికి పోయాడు. దాచడానికి నాకు ఏ కారణమూ మిగల్లేదు. ఆమె ఎక్కువ కాలం బతకదని నాకు తెలుసు. నిర్దోషిగా చచ్చిపోయే హక్కు ఆమెకు ఉంది. నోరు తెరిచాను. వేలూరుకు రాసిస్తాను, అక్కడ ఆపరేషను చేస్తారు అని చెప్పాను. ఎందుకు? నేను చాలా ఆలోచించాను. ఊరి భయం కాదు, నాయన భయం కాదు. ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని. అంతకన్నా గొప్ప కారణమేదీ నాకు దొరకలేదు. ఆమె వేలూరుకు పోలేదు. ఏడాది తిరక్కుండానే పోయింది.

మునిరత్నం అన్న కూడా పోయి చాలాకాలమైంది. కానీ ఆమె పేరు ఊళ్లో పోలేదు. ఇప్పటికీ కంకణం కట్టేరోజు ముసలమ్మలు కొత్త కోడళ్లను కూర్చోబెట్టి, ఫలానా ఆమె మాదిరి చెయ్యొద్దండమ్మా, మొగుని చెయ్యి పడిపోతాది అని చెబుతారట. మా తమ్ముడి కోడలు నవ్వుతూ నాతో చెప్పింది. ఆమెకు ఆ కథలో నేను ఉన్నానని తెలియదు. నేను కూడా నవ్వాను.

ఇదంతా రాసి మీ చేతిలో పెట్టి బరువు దించుకున్నానని చెప్పబోయాను. రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడిన మాట నిజమే. కానీ ఒక సంగతి దాస్తే మళ్లీ అబద్ధమే అవుతుంది. ఆమె పేరు చెంగమ్మ కాదు. ఆయన పేరు మునిరత్నం కాదు. మా ఊరు పాకాల దగ్గరో కాదో చెప్పను. అసలు పేరు రాస్తే ఆమె మీది మచ్చ పోతుంది. నేనెవరో కూడా తెలిసిపోతుంది. కలం చాలాసేపు ఆ పేరు దగ్గర ఆగింది. ఈ వయసులో కూడా నాకు ధైర్యం చాలలేదు.

కాబట్టి మీకు ఇవ్వగలిగింది ఇంతే. తాడు నేను కట్టాను. వదులు చెయ్యమంటే చెయ్యలేదు. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు.